కొండ మీద మౌనం, కాల్వలో మట్టి

కొలంబో విమానాశ్రయం బయటికి వచ్చి బస్సు మీద బోర్డు చూడగానే నా కళ్ళు మోసపోయాయి. దూరం నుంచి అవి అచ్చం మన అక్షరాలే. అదే గుండ్రం, అదే ఒంపు. చదివేద్దామని దగ్గరికి వెళితే ఒక్కటీ చేతికి చిక్కలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలతో ఓనమాలు దిద్దించాను. బడిలో చేరిన మొదటి రోజు పిల్లకి పలక ఎలా కనిపిస్తుందో అరవై ఏళ్ళు వచ్చాక ఆ బస్టాండులో తెలిసింది. సింహళ లిపి మనకి అంత దగ్గర చుట్టం, అంత కొత్త మనిషి.

నేను బోర్డు ముందే నిలబడిపోవడం చూసి కండక్టరు "అక్కే, కొటువ?" అన్నాడు. కొటువ అంటే కోట. కొలంబోలో ఫోర్ట్ స్టేషన్ ఉన్న చోటు. అది తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినిపించింది "అక్కే" ఒక్కటే. ఇంటి నుంచి బయల్దేరి సముద్రం దాటి వస్తే మొదటి పలకరింపు అక్కా అని. సంచి ఎత్తుకుని ఎక్కేశాను.

మీరు వెళితే ఈ బంధుత్వపు మాటల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి. అక్క అంటే అక్కే, అమ్మ అంటే అమ్మే. కానీ "తాత్తా" అంటే నాన్న. "అయ్యా" అంటే అన్న, మా వైపు అయ్య అంటే నాన్న. "మల్లి" పువ్వు కాదు, తమ్ముడు. "మమ" అంటే నేను. ఇక "హరి హరి" అని ప్రతి ఒక్కరూ అంటూ ఉంటే ఎంత భక్తి అనుకున్నాను. సరే సరే అనడమట. రెండు రోజుల్లో నేనూ హరి హరి అనడం మొదలుపెట్టాను.

ఎందుకు వచ్చానో చెప్పాలి కదా. మా ఊరు పోచంపల్లికి పదిహేను కిలోమీటర్లు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వస్తే ఊళ్ళోని దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరాలు ఇస్తాననడం, అక్కడి నుంచి భూదానం దేశమంతా నడవడం మేం చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన కథ. ఆ కథతో పాటే విన్న సర్వోదయ అనే మాట మాకు పాత ఇనప్పెట్టెలో దాచిన ఖద్దరు పంచె లాంటిది. గౌరవం ఉంది, తీసి కట్టుకునే వాళ్ళు లేరు. అలాంటిది శ్రీలంకలో ఆ మాట ఇంకా పొలం గట్ల మీద తిరుగుతోందని, అదీ బౌద్ధ ధ్యానంతో కలిసి తిరుగుతోందని చదివాను. అక్కడ ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఎ.టి. అరియరత్నె నాలాగే బడిపంతులు. ఇంకేం కావాలి? రిటైరయిన మరుసటి సెప్టెంబరులో బయల్దేరాను. ముందు వారం రోజులు ధ్యానం, తర్వాత సర్వోదయ వాళ్ళ దగ్గరికి. ఇదీ నేను వేసుకున్న పథకం.

ఫోర్ట్ నుంచి క్యాండీకి రైలు. మూడు గంటల ప్రయాణం, రంబుక్కన దాటాక బండి కొండెక్కుతుంది. తలుపులు తెరిచే ఉంటాయి, జనం మెట్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చుంటారు. మా అరకు రైలు గుర్తొచ్చింది. ఒక్కటే తేడా, ఇక్కడ పచ్చదనానికి ఖాళీ లేదు. ఎర్రమట్టి కనిపిస్తే కదా కన్ను ఆగడానికి!

క్యాండీలో చెరువు గట్టున కాసేపు కూర్చున్నాను. బుద్ధుడి దంతధాతువు ఉన్న గుడి పక్కనే ఆ చెరువు. తవ్వించింది క్యాండీ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. మదురై నుంచి వచ్చిన నాయక వంశానికి చెందినవాడు, తెలుగు మూలాలున్న ఇల్లు. 1815లో ఇంగ్లీషు వాళ్ళు రాజ్యం తీసుకుని వేలూరు కోటకి పంపించేశారు, 1832లో అక్కడే పోయాడు. మనవాడు ఇక్కడ చెరువు తవ్వించి అక్కడ బందీగా పోయాడని తలుచుకుంటే ఆ నీళ్ళు వేరేగా కనిపించాయి.

క్యాండీ నుంచి గలహా వెళ్ళే బస్సెక్కాను. నీలంబె దగ్గర దిగి, తేయాకు తోటల మధ్య నుంచి ధ్యాన కేంద్రానికి మూడు కిలోమీటర్లు పైకి నడవాలి. ఆటోలు కూడా వెళతాయి. నేను నడుస్తానన్నాను. సగం దూరం పోయాక దారి రెండుగా చీలింది. ఏ బోర్డూ లేదు. మంచు కమ్ముకుంటోంది. కుడి వైపుది వెడల్పుగా ఉందని దాన్ని పట్టుకున్నాను. ఇరవై నిమిషాలు నడిచేసరికి ఆ దారి ఒక పొడుగాటి రేకుల కప్పు ముందు ఆగిపోయింది. ఒకే కప్పు కింద వరసగా గదులు, ఒక్కో గదికి ఒక్కో తలుపు, ముందు ఇరుకైన అరుగు, తీగల మీద తడి బట్టలు. తేయాకు కూలీల లైన్ ఇళ్ళు.

నడుముకి గోనె పట్టా కట్టుకున్న ఒకావిడ బయటికి వచ్చింది. వయసు నా అంతే ఉంటుంది. నాకు సింహళం రాదు. ఆవిడ మాట్లాడింది తమిళం. తిరుపతి, మద్రాసు తిరిగిన అరకొర తమిళంతో "అక్కా, ధ్యానం... మేలే?" అన్నాను చేయి పైకి చూపిస్తూ. ఆవిడ నవ్వి నా కాళ్ళ వైపు చూసింది. చీలమండ దగ్గర మూడు జలగలు. లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చి తనే చల్లింది. అవి రాలిపోయాక నా సంచి భుజానికెత్తుకుని, అడ్డదారిన తేయాకు పొదల మధ్య నుంచి పై కొండ వరకూ తీసుకెళ్ళి దిగబెట్టింది. ఎంత ఇవ్వబోయినా తీసుకోలేదు. దిగుతూ దిగుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆవిడ కనుమరుగయ్యాక గుర్తొచ్చింది, పేరడగలేదు.

నీలంబె ధ్యాన కేంద్రం 1979లో మొదలైంది. అక్కడ ఇరవై ఏళ్ళ పైన నేర్పిన గాడ్విన్ సమరరత్నె సన్యాసి కాదు, మామూలు గృహస్థు. 2000లో పోయారు. ఆయన పద్ధతి ఇప్పటికీ ఆ గోడల్లో ఉంది. కోపం వస్తే దాన్ని తరమకు, పక్కన చాప వేసి కూర్చోబెట్టి చూడు అనే పద్ధతి. అక్కడ రాత్రి కరెంటు దీపాలు లేవు. కొవ్వొత్తి, టార్చి మీ దగ్గర ఉండాలి. దుప్పటి, వానకోటు, పొడుగు మేజోళ్ళు తీసుకెళ్ళండి. ఉప్పు పొట్లం మర్చిపోవద్దు. ఎప్పుడు చేర్చుకుంటారు, ఎన్నాళ్ళు ఉండనిస్తారు అన్నది ముందే రాసి కనుక్కోండి.

తెల్లారుజామున నాలుగూ ముప్పావుకి గంట. అయిదింటికి ధ్యానమందిరం. చీకట్లో ఒక్కొక్కరే కొవ్వొత్తి పట్టుకుని నడిచి వస్తుంటే మా ఊళ్ళో కార్తీకమాసంలో చెరువుకి దీపాలు తీసుకెళ్ళే ఆడవాళ్ళు జ్ఞాపకం వచ్చారు. మాట లేదు. పక్కన కూర్చున్న జర్మనీ అమ్మాయి, వెనక క్యాండీ బ్యాంకు ఉద్యోగి, నేను, అందరం ఒకే చీకట్లో ఒకే ఊపిరి లెక్క. మన ఇళ్ళల్లో దేవుడి ముందు కూర్చుంటే ఏదో ఒకటి చేస్తాం. పువ్వు పెడతాం, స్తోత్రం చదువుతాం, హారతి ఇస్తాం. ఇక్కడ చేతులకి పని లేదు. మొదటి రెండు రోజులు ఆ చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్ళో అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి. మూడో రోజు మోకాళ్ళు మాట్లాడడం మొదలుపెట్టాయి. నాలుగో రోజు అవీ అలసిపోయాయి.

తెల్లవారాక అందరికీ గంటసేపు పని. దాన్నీ ధ్యానమనే అంటారు. నాకు ఆకులు ఊడ్చే పని వచ్చింది. పైన్ చెట్ల కింద ఆకులు ఊడ్చడం ఎంతకీ తెమిలే పని కాదు. నేను ఊడ్చిన చోటే వెనక నుంచి మళ్ళీ రాలుతుంటాయి. ఇంటి దగ్గరైతే విసుక్కునేదాన్ని. అక్కడ చీపురు చప్పుడు వింటూ ఊడుస్తుంటే, అవి రాలడం నా పనికి అడ్డం కాదని, రాలుతున్నాయి కాబట్టే ఈ పని ఉందని తోచింది. ఇది పెద్ద జ్ఞానమని చెప్పను. కానీ ఆ గంట నాకు చాలా ఇష్టమైంది.

సాయంత్రం సూర్యుడు దిగే వేళకి అందరూ వచ్చి కొండ అంచున కూర్చుంటారు. అదీ దినచర్యలో భాగమే. ఎవరూ ఫోటో తీయరు. కింద లోయలో మంచు, ఎక్కడో ఒక పన్సల నుంచి గంట. పన్సల అంటే బౌద్ధుల గుడి. పర్ణశాల అనే మాటే అరిగి అరిగి పన్సల అయింది. భద్రాచలం దగ్గర పర్ణశాలకి పిల్లల్ని తీసుకెళ్ళిన మాస్టారమ్మకి ఈ సంగతి ఎంత సంబరంగా ఉంటుందో మీరే ఊహించండి.

తిండి గురించి చెప్పకపోతే యాత్ర చెప్పినట్టే కాదు. పొద్దున్నే కొలకెంద అని పచ్చటి గంజి ఇస్తారు. గొటుకొల, అంటే మన సరస్వతి ఆకు, దంచి రసం తీసి అన్నం గంజిలో కలుపుతారు. పక్కన చిన్న బెల్లం ముక్క. గంజి తాగుతూ బెల్లం కొరుక్కోవాలి. మా అమ్మ అంబలి తాగుతూ ఉల్లిపాయ కొరుక్కునేది, అదే తూకం. మధ్యాహ్నం ఎర్రన్నం, పరిప్పు (మన పప్పే, కొబ్బరిపాలు పోస్తారు), పనసకాయ కూర, పొల్ సంబోల్. పొల్ సంబోల్ ఎర్రటి కొబ్బరి పచ్చడి, నిమ్మరసం, మిరపపొడి. తిన్న కొద్దీ తినాలనిపిస్తుంది. శాకాహారులకి ఒక మాట: బయట హోటళ్ళలో దాంట్లో ఎండుచేప పొడి కలుపుతారు, అడిగి తినండి. ఇంకోటి, కిరిబత్. పాలన్నం ముక్కలు కోసి పెడితే మన పరమాన్నం అనుకుని పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఉప్పన. పైన కారం ఉల్లి ముద్ద. ఒక్క క్షణం నాలుక ఏ ఊళ్ళో ఉందో మర్చిపోయింది. రెండో ముక్క నేనే అడిగి వేయించుకున్నాను.

అయిదో రోజు మైత్రి భావన చేయించారు. పాళీలో మెత్తా. మొదట నీకు నువ్వు సుఖం కోరుకోవాలి. తర్వాత నీకు ఇష్టమైన వాళ్ళకి. తర్వాత ప్రేమా ద్వేషమూ లేని ఒక మామూలు మనిషికి. ఆ తర్వాత పడని వాళ్ళకి. మూడో మెట్టు దగ్గర కళ్ళు మూసుకున్న నాకు ఎవరు కనిపించారో మీకీపాటికి తెలిసే ఉంటుంది. నడుముకి గోనె పట్టా, చేతిలో ఉప్పు. ఆమె సుఖంగా ఉండాలి అనుకున్నాను. గొంతు పట్టేసింది. ఆమె సుఖంగా ఉండడానికి అడ్డమైనవన్నీ ఇక్కడికి అరగంట దూరంలో కనిపిస్తూనే ఉన్నాయి. ఒకే గది, ఒకే కప్పు, ఆ రేకుల మీద వాన. నేను పైన కూర్చుని కోరుకుంటున్నాను, ఆమె కింద తట్ట మోస్తోంది.

ఆ రాత్రి ప్రశ్నల వేళలో లేచి అడిగేశాను. ఇంగ్లీషులో సరిగ్గా రాకపోయినా అడిగాను. నేను ఇలా కోరుకుంటే ఆమె ఇంటి కప్పు బాగవుతుందా? అక్కడ నేర్పే పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "కాదు. కానీ ఆ ప్రశ్న మీకు ఎక్కడి నుంచి వచ్చింది? ఆమెని ఇవాళ మీరు చూశారు కాబట్టి. చూడడం ఇక్కడి పని. చూశాక ఊరుకోలేకపోతే మంచిదే, కిందికి దిగండి."

దిగాను. వెళ్ళిపోయే రోజు అదే అడ్డదారిన లైన్ ఇళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పనికి పోలేదు, వేలికి దెబ్బ తగిలింది. పాలు లేని నల్ల టీ, అరచేతిలో బెల్లం ముక్క. ఈసారి పేరడిగాను, ఇక్కడ రాయను. వాళ్ళ తాతలు తమిళనాడు నుంచి వచ్చి ఈ కొండలు నరికి తేయాకు నాటిన వాళ్ళు. 1948లో వచ్చిన చట్టం వాళ్ళలో లక్షల మందిని ఏ దేశానికీ చెందని వాళ్ళని చేసింది. 1964లో ఢిల్లీ, కొలంబో ఒప్పందం చేసుకుని కొందరిని ఇటు, కొందరిని అటు పంచుకున్నాయి. చివరికి మిగిలిన వాళ్ళకి ఇక్కడి పౌరసత్వం 2003లో గానీ దక్కలేదు. ఆవిడ ఇవన్నీ సంవత్సరాలు పెట్టి చెప్పలేదు. "అప్పాకి కాగితం లేదు, నాకు ఉంది" అంది, అంతే. కుళాయి దూరమని, వానాకాలం కప్పు కారుతుందని చెప్పింది. నేను విన్నాను. ఇంట్లో పొద్దున్నా సాయంత్రం తాగే టీ వెనక ఇన్ని వేళ్ళున్నాయని అరవై ఏళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.

సర్వోదయ వాళ్ళు ఉండేది మొరటువలో. కొలంబో నుంచి అక్కడికి రైలు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. అల ఎగిరితే కిటికీ దగ్గర తుంపర. అరగంట పైన ప్రయాణం. ఈ ఒక్క రైలు కోసమైనా మీరు వెళ్ళాలంటాను. ఆనందంలో ఒక స్టేషను ముందే లునావలో దిగిపోయాను. స్కూలు పిల్లలిద్దరు దారి చూపిస్తామని వచ్చి సర్వోదయ గేటు వరకూ దిగబెట్టారు.

అక్కడ ఒక కార్యకర్త నాకు బొమ్మలున్న పెద్ద పటం చూపించి చెప్పుకొచ్చింది. నాలుగు ఆర్యసత్యాలూ అందులో ఉన్నాయి. కానీ దుఃఖం అన్న చోట ఒక పాడుబడ్డ ఊరు బొమ్మ. దుఃఖానికి కారణం అన్న చోట స్వార్థం, పోటీ, ఒకరంటే ఒకరికి పడకపోవడం. నివారణ అన్న చోట కలిసి పనిచేస్తున్న జనం. మనం ముసలితనం, రోగం, చావు అని చదువుకున్న దుఃఖం ఇక్కడ ఊరి బావి ఎండిపోవడం, మురుగు నిలవడం అయింది. పుస్తకంలో చదివినప్పుడు ఇది లాగి అతికించినట్టు అనిపించింది. లైన్ ఇళ్ళు చూసి వచ్చాక అలా అనిపించలేదు.

నా ప్రశ్నకి జవాబు కూడా ఆమె మాటల మధ్యే దొరికింది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. ఈ నాలుగూ మనకి కొత్త కాదు. అరియరత్నె వీటిని మెట్లుగా చెప్పారట. మైత్రి మనసులో ఉండే భావన. అది చేతుల్లోకి దిగితే కరుణ. ఆ పని వల్ల ఎదుటివాళ్ళ ముఖంలో వెలుగు చూసి కలిగేది ముదిత. పొగిడినా తిట్టినా పని ఆపకుండా ఉండడం ఉపేక్ష. కొండ మీద నేను మొదటి మెట్టు మీదే గొంతు పట్టేసి నిలబడ్డానన్నమాట.

అరియరత్నె కథ కొంత చెప్పాలి. 1958లో ఆయన కొలంబో నలందా కాలేజీలో పాఠాలు చెప్పేవారు. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కురునేగల జిల్లాలో కనతొలువ అనే ఊరికి వెళ్ళారు. రొడియ కులం వాళ్ళుండే ఊరు అది, మిగతా ఊళ్ళు దూరం పెట్టినది. బౌద్ధ దేశంలో ఇదేమిటని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. అవును, ఉంది. అక్కడ పట్నం పిల్లలు ఊరివాళ్ళతో కలిసి తవ్వారు, కట్టారు, తిన్నారు. అదే మొదటి శ్రమదాన శిబిరం. గాంధీగారి సర్వోదయ అనే మాట తీసుకున్నారు గానీ ఉదయం అనే చోట మేలుకోవడం అనే అర్థం పెట్టుకున్నారు. అందరి మేలు కాదు, అందరి మేలుకొలుపు. తెలుగులో రెండు మాటలూ ఇంత పక్కపక్కన ఉండడం నాకు ఎంత ముచ్చటేసిందో! అక్కడి నుంచి పదిహేను వేల ఊళ్ళ దాకా వెళ్ళింది ఆ పని. కాల్పుల విరమణ కుదిరిన కొత్తలో, 2002 మార్చిలో, అనురాధపురంలో లక్షల మంది తెల్లబట్టలతో వచ్చి శాంతి కోసం కదలకుండా, మాట్లాడకుండా కూర్చున్నారు. అరియరత్నె 2024 ఏప్రిల్‌లో పోయారు. ఆయన్ని చూడలేకపోయానన్న వెలితి నాకు ఉంది.

వాళ్ళ దగ్గర మనిషికి కావలసిన పది కనీస అవసరాల జాబితా ఒకటుంది. మొదటిది శుభ్రమైన, అందమైన పరిసరాలు. అందమైన! అన్నానికన్నా ముందు. డబ్బు, ఉద్యోగం ఆ జాబితాలోనే లేవు, అవి దారులే గానీ అవసరాలు కావంటారు. ఉద్యోగం కోసం ఊళ్ళకి ఊళ్ళు హైదరాబాదు బస్సెక్కడం చూసినదాన్ని, దీంతో పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. ఆ మాటే అన్నాను. "మా పిల్లలూ గల్ఫ్ వెళుతున్నారక్కే" అంది ఆ కార్యకర్త నెమ్మదిగా.

మర్నాడు ఒక కుర్రాడిని తోడిచ్చి కురునేగల అవతల ఒక ఊరికి పంపించారు. అక్కడికి పోయేసరికి పచ్చదనం పలచబడి, ఎండ గట్టిపడి, తాటిచెట్లు, తుమ్మచెట్లు కనిపించాయి. గుండె ఇంటికొచ్చినట్టయింది. పైగా చెరువులు! ఒకదాని అలుగు ఇంకొకదాని కడుపులోకి. మన కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లాగే. వీళ్ళు చెరువుని వెవ అంటారు. చెరువూ స్తూపమూ, ఊరూ పన్సలా అని వీళ్ళకో నానుడి. మన నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటి సింహళ విహారం పేరు చెబుతుంది. ఈ చెరువుల దేశం భిక్షువులు కృష్ణ ఒడ్డున కాపురమున్నారన్నమాట. వాళ్ళకి మన నేల పరాయిదనిపించి ఉండదు.

చెరువులోకి నీళ్ళు తెచ్చే కాల్వ పూడిపోయింది. అక్టోబరులో వానలు మొదలయ్యే లోపల తీయాలి. పొద్దున్నే ఊరంతా పన్సల ముందు మర్రి కింద చేరింది, నూట ఇరవై మందిమి ఉంటాం. దీన్ని పవుల్ హమువ అంటారు, కుటుంబం కలవడం అని. మొదట రెండు నిమిషాలు మౌనం. వారం రోజులు కొండ మీద నేను కూర్చున్న మౌనమే, కానీ ఇక్కడ ఒక పసిపిల్ల ఏడుస్తోంది, కోడి తిరుగుతోంది, ఎవరో దగ్గుతున్నారు. తర్వాత ఒక పాట. తర్వాత ఎవరు ఎక్కడ తవ్వాలో పంపకం. శిబిరం అయ్యేదాకా ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. అమ్మే, తాత్తే, అక్కే, మల్లీ, నంగీ (అంటే చెల్లీ). అధికారి అయినా, కూలి అయినా. దానం, ప్రియవచనం, అర్థచర్య, సమానాత్మత అని నాలుగు నియమాలు పెట్టుకున్నారు, రెండోదాని కిందికి వస్తుంది ఇది. కులాన్ని పిలుపులోంచి తీసేయడం ఎంత తేలిగ్గా ఉందో, ఎంత కష్టమో మన ఊళ్ళు తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

నేను వరసలో నిలబడ్డాను. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మట్టి తట్ట. నా ఎడమ పక్క పద్నాలుగేళ్ళ మల్లి, కుడి పక్క పన్సల చిన్న భిక్షువు, కాషాయం మోకాళ్ళ పైకి కట్టుకుని. కొండ మీద ఊపిరి లెక్కపెట్టాను, ఇక్కడ తట్టలు లెక్కపెట్టాను. నూరు దాటాక లెక్క తప్పింది, చేతులు తప్పలేదు. మనకీ శ్రమదానం ఉంది. జన్మభూమి రోజుల్లో నేనూ పిల్లల్ని తీసుకుని పార పట్టినదాన్నే. అప్పుడు ఫోటోగ్రాఫరు కోసం ఆగేవాళ్ళం. ఇక్కడ ఎవరూ దేనికోసమూ ఆగలేదు. ఎండెక్కేదాకా తవ్వి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ తవ్వారు.

మధ్యాహ్నం భోజనానికి చిన్న పిల్లలు ఒక్కొక్కరూ ఒక అగ్గిపెట్టె తెచ్చి పెద్ద గిన్నెలో ఒంపారు. అగ్గిపెట్టెడు బియ్యం. ఎంత పేద ఇల్లయినా అంత ఇవ్వగలదు కాబట్టి ఆ కొలత. మొదటి నుంచీ సర్వోదయ బాలబడుల్లో ఉన్న అలవాటట. మా చిన్నప్పుడు ఇంటింటికీ పిడికెడు బియ్యం అడిగి భజన మందిరానికి పోసేవాళ్ళం. పిడికిలి పెద్దదీ చిన్నదీ ఉంటుంది, అగ్గిపెట్టె అందరికీ ఒకటే. ఒక తల్లి నన్ను చూసి "కన్న ఎన్న" అని పిలిచింది. కన్నా అని ముద్దుగా పిలుస్తోందనుకున్నాను. తినడానికి రా అనట. నాకు మాత్రం రెండూ ఒకటే అయ్యాయి.

రెండో రోజు సాయంత్రానికి కాల్వ అడుగు కనిపించింది. ఆఖరి కుటుంబ సమావేశంలో పక్కనున్న మల్లి, తోడొచ్చిన కుర్రాడి ద్వారా నన్ను అడిగాడు. మీ ఊళ్ళో వెవ ఉందా? ఉంది, చాలా పెద్దది అన్నాను. దాని కాల్వ ఎవరు తీస్తారు? చిన్నప్పుడు మా నీరటి చూసుకునేవాడు, ఏడాదికోసారి ఊరంతా కదిలేది. ఇప్పుడెవరు? నా దగ్గర జవాబు లేదు.

రాత్రి పన్సల మెట్ల మీద కూర్చుని ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోను చేశాను.

"మన చెరువు కాల్వ ఇప్పుడెవరు తీస్తున్నార్రా?"

"ఎవరూ తీస్తలేరక్కా. పెద్దతుమ్మ దాకా పూడిపోయింది. ఏందిప్పుడు?"

"ఎల్లుండి వస్తున్న. మనింట్ల పార ఉన్నదా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఉన్నదక్కా" అన్నాడు, "కట్టె ఊడింది."

"ఏపించి ఉంచు. రెండు."